ఒక ముఖానికి పదిహేను రోజులు

ముంబై పక్కనున్న భివండికి వచ్చిన కొత్తలో రెండేళ్లు నేనూ అందరిలాగే పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేశాను. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. చిన్నప్పటి నుంచి నాకు అక్షరాలు అందంగా రాయడం వచ్చు. కార్ఖానా తలుపు మీద సేటు పేరు మరాఠీలో, తెలుగులో రాసిపెడితే పక్క కార్ఖానావాళ్లు అడిగారు, తర్వాత కిరాణా కొట్టువాడు అడిగాడు. తొంభై ఏడో ఎనిమిదో, మగ్గం పని మానేసి బోర్డులు రాసే పెయింటర్‌నయ్యాను. మా తెలుగువాళ్లుండే పద్మనగర్‌లో, చాల్ అనే వరస ఇళ్లలో చివరి ఖోలీ, ఒకే ఒక్క గది, అద్దెకు తీసుకున్నాను. అదే ఇల్లు, అదే దుకాణం. ఇక నా పైన సేటు లేడని, నా పొద్దు నాదేనని ఎంత సంబరపడ్డానో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

ఎవరు వచ్చి అడిగినా కాదనేవాణ్ని కాదు. కాల్హేర్‌లో కొత్తగా లేచిన గోదాముల నంబర్లు, ట్రక్కుల వెనక రాతలు, గణపతి మండలి బ్యానర్లు, ఎన్నికలొస్తే గోడల మీద నాయకుల ముఖాలు. "ఎప్పుడిస్తవు?" అంటే "రేపు" అనేవాణ్ని. ఒకే రేపటిని ఐదుగురికి ఇచ్చిన రోజులున్నాయి. అన్నం ఎనామిల్ డబ్బాల పక్కనే నిలబడి తినేవాణ్ని. ఊరి నుంచి సంబంధం చూడటానికి రమ్మని రెండుసార్లు కబురొస్తే దానికీ రేపు అనే చెప్పాను. మూడోసారి కబురు రాలేదు.

ఒక ఏడాది గణపతి పండుగ ముందు ఒక పొద్దున మా వెనక గల్లీ నుంచి ఒకామె వచ్చింది. నాకంటే ఐదారేళ్లు పెద్దది. ఆమె భర్త మగ్గం పనివాడు. జ్వరం ముదిరి మూడు రోజుల కింద పోయాడని గల్లీలో విన్నాను. కొంగు చివర కట్టుకున్న ఫోటో విప్పి నా చేతిలో పెట్టింది. ఎవరిదో పెళ్లిలో పదిహేను మంది నిలబడి దిగిన ఫోటో. వెనక వరుసలో చివర ఆయన. ముఖం చిటికెన వేలి గోరంత.

"గిది తప్ప ఇంకోటి లేదు తమ్మీ. స్టూడియోల పెద్దగ చేయమంటే ముఖం మొత్తం మసక మసక అయితదన్నరు. నువ్వు రంగులతోని గీస్తవంట గద. దినాల రోజుకు కావాలె."

"ఇంకా వారం ఉంది గద అక్కా. మంచిగ గీసిస్త."

ఆ వారంలో నాకు నాలుగు బ్యానర్లు, రెండు ట్రక్కులు ఉన్నాయని ఆమెతో అనలేదు. ఆమె రెండో రోజు వచ్చింది, నాలుగో రోజు వచ్చింది. గడపలోనే నిలబడి, ఖాళీగా ఉన్న రేకు పలకను చూసి, "అయితదా తమ్మీ?" అని మాత్రం అడిగి వెళ్లేది. గట్టిగా ఒక మాట అనలేదు. అరిచేవాళ్ల పని ముందు చేసి, అరవని ఆమె పనిని వెనక్కి నెట్టాను.

దినాల ముందు రోజు మధ్యాహ్నం కూర్చుని, ఒక్క ఊపున మూడు గంటల్లో ఆయన ముఖం వేసేశాను. అప్పటికే వారం రోజులుగా బ్యానర్ల మీద నాయకుల బొమ్మలు వేస్తున్నానేమో, చెయ్యి దానంతట అదే నడిచింది. నున్నటి బుగ్గలు, దువ్విన జుట్టు, దట్టమైన మీసం, తిన్నగా చూసే కళ్లు. ఫోటోలోని ఆ గోరంత ముఖాన్ని రెండుసార్లకు మించి చూడలేదు.

సాయంత్రం ఆమె వచ్చింది. బొమ్మను వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నది తమ్మీ," అంది. మళ్లీ బొమ్మనే చూస్తూ, "గని ఈనె ఎవలో. మా ఆయన గాదు," అంది.

మళ్లీ వేస్తానందామంటే తెల్లారితే దినాలు. ఆమె కొంగుతో అంచులు తుడిచి, రంగు ఇంకా ఆరలేదని జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు అదే బొమ్మకు దండ వేశారని విన్నాను. నేను ఆ గల్లీ వైపు పోలేదు.

పండుగ అయ్యాక నాకు ఏదో అయింది. పొద్దున లేచి డబ్బా మూత తీసేవాణ్ని. రంగు మీద మీగడలా తెట్టు కట్టి ఉండేది. దాన్ని తీసే ఓపిక కూడా లేక మూత పెట్టేసేవాణ్ని. ఒక స్వీటు దుకాణం బోర్డు సగం రాసి, 'మ'కు కొమ్ము ఎటు తిప్పాలో గుర్తు రాక అలాగే కూర్చుండిపోయాను. ఒంట్లో జ్వరం లేదు, నొప్పి లేదు. గోడకు ఆనుకుని పాళీ మారే వేళ దాకా కూర్చునేవాణ్ని. బయట ఒక గుంపు కార్ఖానాలోకి పోతుంటే ఇంకో గుంపు ఇళ్లకు వస్తుండేది. వాళ్ల మాటలు తలుపు ముందు నుంచి దాటిపోయేవి. పనులు అడగడానికి వచ్చేవాళ్లు రెండుసార్లు చూసి, మూడోసారి వేరే పెయింటర్ దగ్గరికి పోయారు. పది రోజులయ్యేసరికి నా తలుపు కొట్టేవాళ్లే లేరు.

పక్క ఖోలీలో ఒక ముసలి మగ్గం పనివాడు ఉండేవాడు. ముప్పై ఏళ్లుగా భివండిలోనే ఉన్నాడు. నేను కాకా అని పిలిచేవాణ్ని. ఒకరోజు ఆయన పళ్లెంలో రొట్టెలు, వంకాయ కూర తెచ్చి నా ముందు పెట్టాడు.

"జరమొచ్చిందారా?"

"లేదు కాకా."

"మరేంది? పది రోజుల సంది బ్రష్ పట్టంగ జూడలే."

"పట్ట బుద్ధయితలేదు. చెయ్యి లేస్తలేదు."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గోడకు ఆనుకుని నా పక్కనే కూర్చున్నాడు.

"మా సేటు ఎసొంటోడైనా శుక్రారం సుట్టి ఇస్తడు. కరెంట్ బంద్, మగ్గాలు బంద్. ఆ ఒక్క దినం తానం జేసి, కోడి కూర వండుకొని, ఇంత పండుకుంటం. నీకెవ్వలిస్తరు సుట్టి? నీకు నువ్వే సేటువైతివి. నువ్వే ఇచ్చుకోవాలె." లేస్తూ మళ్లీ అన్నాడు, "నీ అసొంటి సేటు కింద నేనైతే ఒక్క వారం గూడ పని జెయ్యలేన్రా బిడ్డా."

ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. మూడో రోజు చిన్న రేకు ముక్క మీద "శుక్రవారం పని లేదు" అని తెలుగులో, మరాఠీలో, ఉర్దూలో రాసి తలుపుకు తగిలించాను. ఆ జబ్బు తర్వాత నేను పూర్తిచేసిన మొదటి బోర్డు అదే. గల్లీలో వాళ్లు చూసి నవ్వారు. "పెయింటర్ సాబ్‌కు ఆఫీసర్ నౌకరీ దొరికిందా ఏంది?" అన్నాడు కిరాణా కొట్టువాడు.

మొదటి శుక్రవారం ఎంత పొడుగ్గా ఉందో చెప్పలేను. మగ్గాలు ఆగిపోతే పద్మనగర్‌లో వినిపించేవన్నీ ఇళ్లలోని చప్పుళ్లే. పోపు వేగుతున్న చప్పుడు, పిల్లలను తిడుతున్న తల్లి, పేకాటలో ఎవరిదో అరుపు. ప్రతి ఖోలీలో నలుగురు ఐదుగురు. నా దాంట్లో నేను. పదింటికే స్నానమయింది, పదకొండింటికి అన్నం తిన్నాను, ఇక ఏం చేయాలో తోచలేదు. నడుచుకుంటూ వరాలా తలావ్ చెరువు దాకా వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. అక్కడ కూర్చున్నప్పుడు తెలిసింది, ఇన్నాళ్లు వచ్చినవాళ్లందరికీ సరే అన్నది డబ్బు మీద ఆశతో కాదని. గడపలో ఎవరో ఒకరు నిలబడి "అయిందా?" అని అడుగుతుంటే, ఈ ఊళ్లో నన్ను అడిగేవాళ్లున్నారని అనిపించేది. పని తీసేస్తే నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎవరూ లేరు. ఎండ తగ్గేదాకా అక్కడే కూర్చుని, ఏడుపొస్తే ఏడ్చాను. ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చి ఒకటే అనుకున్నాను. ఆమె భర్త ముఖం మళ్లీ గీయాలి. అడగకపోయినా గీయాలి.

మర్నాడు పొద్దున ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె నూలు కండెలు చుట్టే పనికి వెళ్లడానికి తయారవుతోంది. గోడ మీద నేను వేసిన బొమ్మ వాడిన దండతో ఉంది. దాని వైపు చూడలేకపోయాను.

"అక్కా, రోజూ పొద్దున ఒక గంట కూసుంట. ఆయన ఎట్ల ఉంటుండెనో నువ్వు చెప్పు, నేను పెన్సిల్‌తోని గీస్త. తప్పయితే తప్పని చెప్పు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఇగ ఎందుకు తమ్మీ? దినాలయిపాయె."

"నా కోసం అనుకో."

ఆమె పీట వేసింది. రోజుకు ఒక గంట. ఆ గంట కోసం పొద్దున వేరే పని ఏదీ ఒప్పుకోలేదు. కళ్లకు, చేతికి తేటదనం ఉండే ఆ వేళలోనే ముఖాలు, అక్షరాలు. మధ్యాహ్నాలు పలకలకు అస్తరు, అంటే అడుగు రంగు, వేయడం లాంటి బరువు తక్కువ పనులు. పాళీ మారే వేళకు బ్రష్‌లు కడిగేయడం. మెల్లగా మళ్లీ పనులు రాసాగాయి, కానీ ఎవరు తొందరపెట్టినా ఇదే పద్ధతి. కాల్హేర్ గోదాముల పని దీనితోనే చేజారింది. "రేపు కావాలి" అన్నవాళ్లకు మొదటిసారి "రేపు కాదు" అని, వాళ్ల ముందే బ్రష్‌లు కడగసాగాను.

మొదట్లో ఆమె ముభావంగా చెప్పేది. పోనుపోను ఆమే ముందుకు వంగి వేలు పెట్టి చూపించసాగింది.

"ముక్కు గట్ల తిన్నగ ఉండదు. చిన్నప్పుడు పడ్డడు, జర్రంత వంకర." ఇంకో రోజు, "కుడి కన్ను చిన్నగ చేస్తుండె, మగ్గం కాడ దూది పడి పడి." ఇంకో రోజు ముఖం గురించి ఏమీ చెప్పకుండా, ఆయన ఊరికి పోయినప్పుడల్లా ఆమెకు గాజులు కొలత లేకుండానే సరిగ్గా ఎలా తెచ్చేవాడో చెప్పింది. నేను పెన్సిల్ ఆపి విన్నాను. అలా ఒకరు చెబుతుంటే తీరిగ్గా కూర్చుని విని నాకు ఎన్నేళ్లయిందో.

పన్నెండో రోజు అంతా కుదిరింది కానీ ఏదో తక్కువగా ఉంది. ఆమె తల వంచి చూసి, "గింత హుషారుగ ఉండకపోతుండె. పాళీ దిగి ఇంటికొస్తే ఎట్లుంటడు? అలిసినట్టు. గట్లనే నాకు యాదికున్నడు," అంది.

కళ్ల కింద గీతలు దించాను. పెదవుల చివర కొంచెం జార్చాను. ఆమె "ఆఁ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు పనికి వెళ్లలేదు. మరో మూడు రోజులు రంగులు వేసి బొమ్మ పూర్తిచేసి ఇచ్చాను.

గోడ మీద పాతది తీసి ఇది పెడుతుందనుకున్నాను. ఆమె కొత్త బొమ్మను పాత చీర మడతలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టింది.

"దానికి దండ ఏసినం. నలుగురు వచ్చి దండం పెట్టిండ్రు. ఇప్పుడు తీస్తే మా అత్తమ్మ ఊకోదు," అంది. "అది అందరికి. ఇది నాకు."

టీ ఇచ్చి, "శుక్రారం శుక్రారం ఏం జేస్తవు తమ్మీ?" అని అడిగింది.

"తలావ్ దాకా పోయొస్త."

"ఒక్కనివేనా?"

"ఒక్కన్నే."

ఆమె నా గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

మరుసటి ఏడు ఆమె సూరత్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు గంటలో బ్యానర్ అచ్చు వేసిచ్చే మెషిన్లు భివండికి వచ్చాయి. నాతో పాటు బోర్డులు రాసినవాళ్లలో చాలామంది మళ్లీ మగ్గాల మీదికి పోయారు. నేను పోలేదు. అప్పటికే నా పనులు తక్కువ. చనిపోయినవాళ్ల ఫోటోలు పట్టుకుని ఎవరో ఒకరు వస్తుంటారు. పదిహేను రోజులు పడుతుందని, రోజూ వచ్చి ఒక గంట కూర్చోవాలని ముందే చెబుతాను. చాలామంది లేచి వెళ్లిపోతారు. ఉన్నవాళ్లకు పీట వేసి, ముక్కు ఎలా ఉండేదో చెప్పమని మొదలుపెడతాను.