ఘాటున్న కత్తి

మా పెదనాన్న గుంటూరులో మిర్చి వ్యాపారి. ఏ వస్తువు కొన్నా మిరపకాయను చూసినట్టే ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. తుమ్ము వస్తేనే అది మంచి సరుకు. చెప్పులూ, గొడుగూ, ఆఖరికి నాకొచ్చిన సంబంధం తాలూకు ఫొటో కూడా అలాగే వాసన చూశాడు.

ఒకసారి నల్లమల అడవిలో తిరగడానికని ఖరీదైన విదేశీ కత్తి ఆన్‌లైన్లో తెప్పించాడు. ఆయన అడవిలో అడుగుపెట్టిందే లేదు. "ఆ డబ్బుతో వీధందరికీ కత్తిపీటలు వచ్చేవి," అని పెద్దమ్మ సాధించింది. పెదనాన్న కూడా రోజూ కత్తిని వాసన చూసి, "ఘాటు లేదే!" అని పెదవి విరిచేవాడు.

వాపసు గడువు ఆఖరి రోజున కొరియర్ అతను గుమ్మంలో నిలబడ్డాడు. పెదనాన్న కత్తిని పెట్టెలో పెట్టబోతూ చివరిసారి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. తుమ్ముల మీద తుమ్ములు, కళ్లనిండా నీళ్లు.

"సరుకంటే ఇదయ్యా! నువ్వెళ్లిరా, మేం ఇవ్వం."

నేను అనుమానంగా వంటింట్లోకి తొంగిచూశాను.

"అరవకురా," అంది పెద్దమ్మ గుసగుసగా. "నిన్న దాంతో కొరమీను కోశాను, ఎంత బాగా తెగిందో! అందుకే పొద్దున్నే కాస్త కారం రాసిపెట్టాను."