దేవదానం సారు కుడిచెయ్యి

మంగళవారం ఉదయ ప్రార్థన ముగించి లేస్తుండగా, దేవదానం సారు ప్రభువు సన్నిధికి చేరారన్న వార్త కళ్యాణదుర్గం నుంచి వచ్చింది. చేతిలోని పరిశుద్ధ గ్రంథం మూయడానికైనా తోచక మళ్ళీ కూర్చున్నాను. ముందునాడే ఆయన దగ్గర పాఠం చెప్పించుకుని వచ్చాను.

బడి ముఖం ఎరుగని నాకు అక్షరాలు ఇంట్లోనే నాయన దిద్దించాడు. నాదవిద్యను ప్రసాదించింది సారు. చర్చి వెనుక రేకుల గదిలో, నైలాన్ తీగల గిటారు ఒడిలో పెట్టుకుని బోధించేవారు. ఆయన ఉపాసనంతా కుడిచేతి మీదే. నా మణికట్టు మీద ఒక వేరుశనగ కాయ పెట్టి వాయించమనేవారు. కాయ జారితే పాఠం మళ్ళీ మొదటికి. "చెయ్యి ఎగరకూడదమ్మా, వేలు మాత్రమే కదలల్ల. తీగను గిల్లొద్దు, లోపలికి నొక్కి ఇడ్సు" అనేవారు.

విత్తనాల కాలంలో మా ఇళ్ళలో కాయలు చేతులతోనే ఒలుస్తాం. మిషన్లో వేస్తే గింజ దెబ్బతిని మొలవదు. ఆ పనికి గోళ్ళు అరిగిపోతాయి. గోరు లేనిదే తీగ తీయగా పలకదు. ఒకసారి నా వేళ్ళు చూసి, సారు మా ఇంటికే వచ్చి, అమ్మ పక్కన కూర్చుని నా వంతు కాయలు ఒలవసాగారు.

"ఏం సారూ, మీ గోళ్ళు పోవా?" అంది అమ్మ.

"నావి ముసలి గోళ్ళు లేమ్మా. నీ కూతురివి ఇప్పుడే పెరుగుతాండాయి."

ఇక చేదు నిజం. కొత్త శతాబ్దం అడుగుపెట్టిన ఏడాది క్రిస్మస్‌కు చర్చిలో వాయిస్తున్న సారును సంఘపెద్ద ఒకాయన నిలదీశాడు. "ఏమప్పా సారూ, నీ వాయింపు ముందు వరస దాటదే! తీగలు మీటే ప్లాస్టిక్ ముక్క పట్టుకుని గట్టిగా బాదు, లేకుంటే పక్కకు జరుగు." సారు పక్కకు జరిగారు. సంఘపెద్దలు ఆ ముక్కను నా చేతికిచ్చారు. పెద్దల మాటే దైవాజ్ఞ అనుకుని పుచ్చుకున్నాను. ముక్కను రెండు వేళ్ళతో పట్టి మూడేళ్ళు బాదాను; మిగతా వేళ్ళకు పనే లేదు. చప్పట్లు కొట్టారు. రేకుల గదిలో లౌడ్‌స్పీకర్లు పెట్టి సారును ఖాళీ చేయించారు. ఒక్కరూ అడ్డు చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

నిరుడు సిగ్గు విడిచి, కళ్యాణదుర్గంలో ఆయన ఇంటి గుమ్మంలో నిలబడ్డాను. "వాయించు, చూస్తా" అన్నారు. నా ఉంగరపు వేలు తనంతట కదలలేక, మధ్యవేలితో పాటే లేస్తోంది.

"మూడేండ్లు పనిలేక సోమరిదైపోయిండాది. పాపం, దాని తప్పేముండాది?" అని నవ్వారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ప్రతి సోమవారం ఆ ఒక్క వేలికే పాఠం. క్షమించమని అడగాలనుకుంటూ, ఒక సోమవారం నుంచి మరో సోమవారానికి జరుపుతూ వచ్చాను.

సమాధి దగ్గర ఆ పెద్దలే మైకు పట్టుకుని ఆయనను మహా కళాకారుడన్నారు. దేవుడు వారిని క్షమించుగాక; నాకింకా చేతకావడం లేదు. వారినీ, నన్నూ.

గురువర్యా, మీరు పెట్టిన విద్యకు ఆజన్మాంతం కృతజ్ఞురాలిని. ఈ ఉదయం గిటారు ఎత్తాను. ఉంగరపు వేలు ఈసారి విడిగా లేచినట్టే అనిపించింది. అవునో కాదో చెప్పగల చెవి ఈ సీమలో ఇక లేదు.