ఆఖరి ముడికి జడిసిన సుబ్బరత్నం

గురజాలలో సుబ్బరత్నం కుట్టిన బొంత మీద పడుకోని పసిబిడ్డ అరుదు. పాత చీరలు నాలుగైదు మడతలు పరిచి, అంచుల నుంచి నడిమికి సన్నని కుట్లు వేసుకుంటూ వచ్చేది. చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత గట్టి. గుడ్డ తక్కువ తెచ్చినవాళ్లను, "మీ బిడ్డకి కాళ్లు లేవా ఏంది?" అని వీధిలోనే కడిగిపారేసేది.

అంత నోరున్న మనిషినీ ఒక భయం పట్టుకుని ఉంది. కొత్త బొంతకు తొలి కుట్టు పడందే చేతిలో ఉన్న పాత బొంతకు ఆఖరి ముడి వేయకూడదు. అది అత్త పెట్టిన నియమం. చేతిలో పని ఉన్నవాళ్ల జోలికి యముడు రాడని ఆ ముసలమ్మ నమ్మకం. ఒకసారి ఆ అత్తే పెళ్లివారి తొందరకు లొంగి, ఇంట్లో మరో గుడ్డ లేకుండానే ముడి వేసేసింది. మర్నాడు పొద్దున బావి దగ్గర కుప్పకూలింది. బిందె పక్కన పడి ఉన్న అత్తను మొదట చూసింది సుబ్బరత్నమే.

యుద్ధం రోజులొచ్చాయి. రేషను కూపను చేతిలో ఉన్నా కొట్లో గజం గుడ్డ దొరికేది కాదు. చిరిగిన చీరకే మాసికలు వేసి కట్టుకుంటుంటే బొంతకు పాత చీర ఎవరిస్తారు? వీరరాఘవమ్మగారి మనవడి బొంత ఇంకో జానెడు కుట్టాల్సి మిగిలింది. తర్వాతి బొంతకు గుడ్డల మూట రాలేదు. సుబ్బరత్నం ముడి వాయిదా వేస్తూ వచ్చింది. సూది పోయిందంది, వేలు వాచిందంది, కళ్లు మసకలంది. తనకున్న రెండు చీరల్లో ఒకటి చింపుదామా అని కూడా చూసుకుంది. చింపితే రెండోది ఆరేదాకా ఇల్లు కదలలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం వీరరాఘవమ్మే వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఏమే రత్నం, ఎల్లుండి పిల్లోణ్ణి ఉయ్యాల్లో ఎయ్యాల. నువ్వు ముడేసిందాకా నేనీడ్నుంచి లెయ్యను."

సరిగ్గా అప్పుడే మిషన్ ఆసుపత్రి నర్సు గ్రేసమ్మ ఒక కాగితపు పొట్లం పట్టుకుని వచ్చింది.

"బొంత పొట్లం అత్తా. దొరసానమ్మ ముక్కలన్నీ కత్తిరించి పెట్టింది. దారం ఉంది, ఏ ముక్క యాడ అతకాల్నో కాయితం మీద గీసుంది. ఆస్పత్రిలో ఓ పసిదానికి. నువ్వే కుట్టియ్యాల."

అడిగినట్టే దేవుడు పంపాడు! సుబ్బరత్నం పైనున్న రెండు ముక్కలు లాగి గబగబా నాలుగు కుట్లు వేసింది. ఆ వెంటనే పాత బొంతకు ముడి బిగించి దారం కొరికింది. వీరరాఘవమ్మ దాన్ని చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

అప్పుడు తీరిగ్గా పొట్లం విప్పితే, అడుగున రెండు వరసలు అప్పటికే అతికి ఉన్నాయి. మూడో వరసలో సగానికి సూది గుచ్చి ఆపేశారు.

"ఇదెవరు మొదలెట్టారే?"

"ఆ పసిదాని తల్లే, అత్తా. కాన్పైనాక కూడా మంచం మీద కూర్చుని కుట్టింది. మూడో నాడు జొరం కమ్మింది. సూది చేతిలో ఉండంగానే పోయింది."

సుబ్బరత్నం ఆ సూది గుచ్చిన చోటే చూసింది. తొలి కుట్టు తనది కానే కాదు. పోనీ అంటే, తొలి కుట్టు వేసిన మనిషే పోయింది. చేతిలో పని ఉండగానే పోయింది. ఇన్నేళ్లూ దేన్ని అడ్డం పెట్టుకుని ధైర్యంగా బతికిందో అది ఉత్త గుడ్డముక్క. ఇక యముడు ఏ పూటైనా రావచ్చు. పొట్లాన్ని అవతలకు తోసేసింది.

"బిడ్డని దేంట్లో చుట్టారు?" అని అడిగింది.

"నా పాత చీరె చెంగు చింపి చుట్టా. చానా పల్చన. రేత్రిళ్లు వణుకుద్ది."

సుబ్బరత్నం పొట్లాన్ని మళ్లీ దగ్గరకు లాక్కుంది. చచ్చేంత భయంగానే ఉంది. గ్రేసమ్మ సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది. చనిపోయినామె ఆపిన చోటనే కుట్టు అందుకుంది.

"ఎప్పటికైద్దత్తా?"

"ముడేసి ఉంచుతా, రేపు పొద్దుగూకేలోపు వచ్చి తీసుకుపో" అంది. ఆ తర్వాత కుట్టడానికి ఇంకో పొట్లం ఉందా అని మాత్రం అడగలేదు.