హజీరా గోదాములో వెండి తమ్మపడిగ

2020 అక్టోబరులో నన్ను సూరత్ పంపారు. రవాణాలో దెబ్బతిన్న సరుకు విలువ కట్టే సంస్థలో నేను వైన్ పరీక్షకుణ్ణి. ఉద్యోగంలో అదే నా చివరి సంవత్సరం. ముంబై చేరాల్సిన వైన్ పెట్టెలు లాక్‌డౌన్ వల్ల హజీరా రేవు దగ్గర ఒక గోదాములో చిక్కుకుపోయాయి. ఒకే తోటలో పండిన సిరా అనే రకం ద్రాక్షతో చేసి, ఏళ్ల తరబడి సీసాల్లో మాగబెట్టిన ఎర్ర వైన్ అది. ఎండాకాలంలో అక్కడి ఏసీ ఆగిపోయింది. వేడికి వైన్ పాడైందో లేదో నేను తేల్చాలి.

గోదాము చూసే నర్సయ్యది సిరిసిల్ల నుంచి వచ్చిన మగ్గాల కుటుంబం. మెకానిక్ రాలేని రోజుల్లో అతను సూరత్‌లోని పర్వత్ పాటియా నుంచి బట్ట తానులు తెప్పించి, తడిపి, గోడల నిండా వేలాడదీశాడు. అయినా సరుకు చెడితే ఉద్యోగం పోతుందని యజమాని ముందే చెప్పేశాడు.

"ఖరాబైందని రాస్తే నేను ఇంటికే సార్. జర మంచిగ చూడుండ్రి" అన్నాడు.

ఉన్నదే రాస్తానని చెప్పాను. సిఫారసు విని తీర్పు చెప్పడం మా వంశంలో లేదు.

పరీక్షకుడు వైన్ మింగడు. నోట్లో కాసేపు తిప్పి, గాలి పీల్చి, ఉమ్మేస్తాడు. అందుకు నేను వాడేది మా సంస్థానం ముద్ర ఉన్న తాతగారి వెండి తమ్మపడిగ. సంస్థానం పోయాక నా వంతుకు మిగిలింది అదొక్కటే. తాతగారు తాంబూలం ఉమ్మిన పాత్రలో వైన్ ఉమ్మడం చిన్నతనమని నేనెప్పుడూ అనుకోలేదు.

గుజరాత్‌లో మద్యనిషేధం కాబట్టి ఆ శాఖ ఇన్‌స్పెక్టరు దగ్గరుండి చూశాడు. నా అనుమతి రుచి చూడటానికే, తాగడానికి కాదని గుర్తుచేశాడు. మాస్కు తీసి గ్లాసు వాసన చూశాను. వేడి తగిలిన వైన్ ఉడికించిన జామ్ వాసన వేస్తుంది. ఇందులో మిరియాలు, పాత తోలు, ఎండిన నల్ల ద్రాక్ష ఉన్నాయి. ఒక గుక్క నోట్లోకి తీసుకుని, తిప్పి, తమ్మపడిగ ఎత్తాను.

ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. కరోనా నిబంధనల ప్రకారం ఉమ్మడం నేరమన్నాడు. మింగితే మరో నేరం. ఆయన పై అధికారికి ఫోను చేస్తూ బయటికి వెళ్లాడు. నేను బుగ్గలు బిగించి, నిటారుగా నిలబడ్డాను.

నర్సయ్య నా ముఖంలోకి చూసి, "ఏంది దొరా, మంచిగున్నదా? తల ఊపుండ్రి సాలు" అన్నాడు.

తీర్పు తల ఊపి చెప్పేది కాదు. నేను ఊపలేదు.

చివరికి మూత ఉన్న పాత్రలో ఉమ్మవచ్చని అనుమతి వచ్చింది; తమ్మపడిగకు మూత ఉంది. కానీ చుక్క కూడా మింగలేదని రుజువు కావాలట. నోట్లోకి తీసుకున్నంతా బయటికి రావాలి. గ్లాసులో తగ్గినదీ, నేను ఉమ్మినదీ ఇన్‌స్పెక్టరు గీతల గ్లాసుతో కొలిచాడు. వెళ్లినదానికంటే వచ్చింది ఎక్కువ ఉంది.

ఆయన ముఖం మారింది. అనుమతి లేకుండా మద్యం పెరిగితే దాన్ని తయారీ కింద చూడాలన్నాడు. అది దొరగారి ఉమ్మి అని నర్సయ్య హిందీలో మనవి చేశాడు. ఎంత ఉమ్మో, ఎంత మద్యమో విడదీసి చూపమన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆయన చివరికి రెండు దారులు చూపాడు. పరీక్ష జరగలేదని రాసి, పాత్ర తీసుకుని నేను వెళ్లిపోవచ్చు. లేదా పరీక్ష చెల్లుతుంది, పాత్ర అందులో ఉన్నదానితో సహా సాక్ష్యంగా జప్తవుతుంది. పరీక్ష లేకపోతే సరుకు చెడినట్టే లెక్క అని నాకు తెలుసు. నర్సయ్యకూ తెలుసు.

జప్తు చేసుకోమన్నాను.

"తాతల నాటి సామాను కద దొరా" అన్నాడు నర్సయ్య.

"పరీక్ష జరిగింది. జరగలేదని నేను రాయను" అన్నాను.

వైన్ బాగుందని, వేడికి బిరడా పైకి లేచిన పై వరస సీసాలు మాత్రం పనికిరావని నివేదిక ఇచ్చాను. నర్సయ్య ఉద్యోగం నిలిచింది. తమ్మపడిగ ఆ శాఖ గదిలోనే ఉంది. మా సంస్థానం ముద్ర మీద వాళ్ల లక్క ముద్ర పడింది. లోపలున్నది పరీక్షకు వెళ్లి రావాలని, నేను రాసినప్పుడల్లా జవాబు ఇస్తారు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి ఒకటే చెబుతాను. ఎక్కడ ఉమ్మాలో ముందుగానే రాతపూర్వకంగా తెలుసుకోండి. తర్వాత అడగడానికి నోరు ఖాళీగా ఉండదు.