రెండో జాబితా

నా చిన్నప్పుడు, ఐదో తరగతి వేసవి సెలవుల్లో, మా మేనత్త నన్ను ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ నుంచి తను పనిచేసే చోటికి తీసుకెళ్లింది. హైదరాబాద్ అవతల ఒక వేధశాలలో ఆమెది తాత్కాలిక ఉద్యోగం. అక్కడ ఆకాశాన్ని భాగాలు చేసి, ఒక్కో భాగాన్నీ ఒక గాజుపలక మీద ఫొటో తీసేవారు. దుర్భిణి ముందు పెద్ద పట్టకం బిగించి తీసేవారు కాబట్టి నక్షత్రం చుక్కగా కాక పొట్టి గీతగా పడేది. నెగెటివ్ కనుక తెల్లటి గాజు మీద నల్లటి గీతలు, ఒక్కో పలకలో వేలకొద్దీ ఉండేవి. ఆ గీతలో సన్నని తెల్ల సందులు ఎక్కడెక్కడ ఉన్నాయో భూతద్దంలో చూసి, అది ఏ జాతి నక్షత్రమో చెప్పడం మా అత్త పని. జాతులకు ఇంగ్లిషు అక్షరాలే పేర్లు: ఏ, ఎఫ్, జి, కె.

ప్రతి పలకనూ రెండుసార్లు చదవాలి. మొదటి జాబితాను సొరుగులో పెట్టేసి, వారం గడిచాక, దాన్ని చూడకుండా రెండోది తయారు చేయాలి. నేను వెళ్లేసరికి ఒక పలక రెండో చదువు మొదలైంది. అత్త భూతద్దంలో చూస్తూ అక్షరం చెప్పేది, నేను పెన్సిల్‌తో రాసేదాన్ని.

ఆమె పై అధికారిని అందరూ సార్ అనేవారు. రెండు జాబితాల్లో ఎక్కడ తేడా వచ్చినా ఆయనకు వేడుక. "మొన్న జి అన్నావు, ఇవాళ కె అంటున్నావు. మీ ఆదిలాబాద్‌లో నక్షత్రాలు వారానికోసారి ఇల్లు మారుతాయా అమ్మా?" అన్నాడొకరోజు నా ముందే, అంతకు ముందటి పలక జాబితాలు చూసి. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అత్త తలెత్తలేదు.

నేను తట్టుకోలేకపోయాను. మా పలక రెండో జాబితా పూర్తయిన రోజు మధ్యాహ్నం, అత్త అన్నానికి వెళ్లినప్పుడు సొరుగు తెరిచి మొదటి జాబితా తీశాను. రెండోదానితో సరిచూస్తే పంతొమ్మిది చోట్ల తేడా కనిపించింది. ఆ పంతొమ్మిది అక్షరాలనూ రబ్బరుతో చెరిపి, మొదటిదాంట్లో ఉన్నట్టే రాశాను. చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

మర్నాడు సార్ రెండు జాబితాలూ పట్టుకుని వచ్చాడు. "ఒక్క తేడా లేదమ్మా! పని అంటే ఇదీ. సోమవారం కమిటీకి నీ పేరు పంపుతున్నాను. పర్మనెంటు అయిపోతావు."

అత్త కాగితం తీసుకుని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. చెరిపినచోట కాగితం పలచబడి ఉంది. ఒక్కసారి నావైపు చూసింది.

"ఇది దిద్దిన కాగితం సార్. నాది కాదు. పలక మళ్ల చదువుత. వారం ఆగాలె."

"కమిటీ సోమవారమే. ఎవరొచ్చి చూస్తారు? ఇలాగే ఉండనీ."

"ఉండద్దు సార్."

"నువ్వే దిద్దావా?"

ఆమె జవాబు చెప్పలేదు. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. నేను చేశానని ఆమె చెబితే నన్ను బయటికి పంపేవారు, ఆమె మీద మచ్చ ఉండేది కాదు. ఆ మౌనాన్ని ఆయన ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

సాయంత్రం మేముండే గదిలో అత్త నన్ను కొట్టలేదు. "ఎందుకు దిద్దినవే పిల్లా?"

"గాయిన నిన్ను ఎక్కిరిస్తుండని."

"ఎక్కిరియ్యనీ! ఒక గీతను నేను ఓసారి జి అన్న, ఓసారి కె అన్ననంటే, అది మసకగున్నది, దాన్ని జర చూసి నమ్ముండ్రి అని చెప్తున్నట్టు. నువ్వు గా మాట తుడిచేసినవ్. ఇగ చదివెటోడు గుడ్డిగ నమ్ముతడు." మళ్లీ అంది, "నా తప్పులు నాయి. వాటిని ముట్టకు."

ఆ ఉద్యోగం మరొకరికి వెళ్లింది. ఆమె ఫైలులో నిర్లక్ష్యం అని రాశారు. తప్పుడు కాగితాన్ని అలాగే ఉండనిమ్మన్న మనిషి చేత్తో రాసిన మాట అది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆమె తాత్కాలికంగానే పనిచేసింది. గాజుపలకల కాలం ముగియగానే ఇంటికి పంపేశారు. ఆ పలకల నుంచి తయారైన నక్షత్రాల పట్టిక సార్ పేరుతో అచ్చయింది. ఈ పట్టికను ఎంతవరకు నమ్మవచ్చో అందులో ఒక పేరాలో చెప్పారు. అత్త రెండో జాబితాలు లేకపోతే ఆ పేరా రాయడానికి ఆయన దగ్గర ఏమీ ఉండేది కాదు. అందులో ఆమె పేరు లేదు.

నన్ను నేను ఎన్నోసార్లు నిందించుకున్నాను. అయితే నాకు అప్పుడు పదేళ్లు. ఆయనకు యాభై.

అత్త పోయిన నెల చనిపోయింది. చర్చివాళ్లు మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో పాస్టర్‌గారు, ఆమె ఎవరి మీదా కోపం ఉంచుకోని మనిషి అన్నారు. బంధువులు తలలూపారు. చర్చి పత్రికకు ఆమె గురించి నాలుగు మాటలు రాసే పని నాకు అప్పగించారు. మా తమ్ముడు పాస్టర్‌గారన్న ఆ వాక్యాన్ని తనే రాసి తెచ్చి, "గిది పెట్టక్కా, మంచిగుంటది," అన్నాడు.

మంచిగానే ఉంటుంది. కానీ అది నిజం కాదు. వేధశాల సార్ పేరు ఎత్తితే, మంచం పట్టిన రోజుల్లో కూడా, అత్త ముఖం గోడవైపు తిప్పుకునేది. ఒక మనిషి చూసినదాన్నీ అనుభవించినదాన్నీ ఆ మనిషి మేలు కోసమైనా చెరిపేయకూడదని పదేళ్ల వయసులో నేర్చుకున్నాను, దానికి వెల ఆమె చెల్లించింది.

తమ్ముడి వాక్యం కొట్టేశాను. ఆమె చివరిదాకా కోపంగానే ఉంది, ఆ కోపం న్యాయమైనది అని రాశాను. అచ్చయ్యాక తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. మానేయనీ.