అవ్వ గొయ్యి, నా గొయ్యి

ఆ రోజుల్లో నా ఈడు అమ్మాయిలు ఒకరి జడ చూసి ఒకరు, ఒకరి ఉద్యోగం చూసి ఒకరు ఓర్వలేక చచ్చేవారు. నేను మాత్రం ఒక ముసలామె చెత్త గొయ్యి చూసి ఓర్వలేక చచ్చాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే, కానీ ఉన్నమాట అది. వ్యవసాయంలో డిగ్రీ చేతికొచ్చిన ఏడాది, విజయనగరం దగ్గర మా ఊరి నుంచి అరకు పైన ఒక కొండ పంచాయతీకి ఉద్యోగం మీద వెళ్ళాను. ఇంటింటా తడిచెత్త, పొడిచెత్త వేరు చేయించాలి, తడిచెత్తతో ఎవరి పెరట్లో వాళ్ళచేత ఎరువు చేయించాలి. అదీ పని. ఒప్పంద ఉద్యోగం కాబట్టి ఆఫీసరు వచ్చి చూసి మెచ్చుకుంటేనే మరో ఏడాది ఉంచుతారు. (మా అమ్మ మాత్రం వీధిలో అందరికీ నేను కలెక్టరు పక్క గదిలో కూర్చుంటానని చెప్పింది.)

వెళ్ళిన కొత్తలోనే పంచాయతీ ఆఫీసు ఎదుట నమూనా గొయ్యి తవ్వించి, పక్కన సొంత దస్తూరీతో బోర్డు పాతాను. కాఫీ పళ్ళు ఒలిచే రోజులు, తొక్కు ఊరికే దొరుకుతోందని బండ్లకొద్దీ తెప్పించి నింపేశాను. మధ్యమధ్య ఎండాకులు, పేడ పొరలుగా వెయ్యాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే, అయినా గొయ్యి నిండితే చాలనుకున్నాను. వేసవి వచ్చినా అది ఎరువు కాలేదు. పుల్లటి కంపు కొట్టే గుజ్జయింది. సెక్రటరీ గారు ఆ వైపు కిటికీకి మేకు కొట్టించారు. సరిగ్గా దారికి అవతల అవ్వ పెరడు. అవ్వ గిరిజన రైతు, ఒంటరి మనిషి. సిల్వర్ ఓక్ ఆకులు, చోళ్ళ (రాగుల) పొట్టు, పేడ, పొయ్యి బూడిద ఏ రోజుది ఆ రోజు గొయ్యిలో వేసి పైన ఆకులు కప్పేది. కంపు లేదు, ఈగ లేదు. గుప్పిట పడితే నల్లగా పొడిపొడిగా రాలేది. నేను మైకు పట్టుకుని పాఠం చెబుతుంటే వెనక వరసవాళ్ళు ఒక్కొక్కరే అవ్వ పెరట్లోకి జారుకునేవారు. ఈల ఊదుతూ ఇంటింటికీ చెత్త బండి తిప్పే అతను (ఊరంతా ఈలన్న అనేవారు) మరీ దారుణం. "మేడమ్, మీ గొయ్యికేటి అలాగ నురగలొత్తంది? ఓపాలి అవ్వనడగండి" అన్నాడు. అవ్వని అడగాలట! అవ్వకి వేలిముద్ర, నాకు ఫస్టు క్లాసు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇంతలో ఆఫీసరు రేపు వస్తున్నారని కబురొచ్చింది. ఆ రోజు సంత. అవ్వ గంపెత్తుకుని సంతకి బయల్దేరగానే నేను రెండు బకెట్లతో ఆమె పెరట్లో దూరాను. పైపైన ఉన్న మెత్తటి ఎరువంతా ఎత్తుకొచ్చి నా గుజ్జు మీద జానెడు మందాన పరిచాను. దొంగతనం చేస్తూ కూడా, ఇంత తేలిగ్గా, ఇంత కమ్మటి మట్టి వాసనతో ఎలా చేసిందా అని కడుపు మండిపోయింది. తీరా ఆ రాత్రే వాన కొట్టి, ఘాట్ రోడ్డు మీద కొండచరియ జారి, ఆఫీసరు రాక పది రోజులు వెనక్కి పోయింది. ఆ పది రోజుల్లో నా గొయ్యి నిండా పచ్చటి మొలకలు లేచాయి. నేను పొంగిపోయాను. నా ఎరువు సత్తువకు ఇవే సాక్ష్యమని ఆఫీసరుకి చెప్పడానికి నాలుగు ముక్కలు బట్టీ కూడా పట్టాను.

ఆఫీసరు వచ్చారు, ఊరంతా చేరింది. "ఏం మొలకలివి?" అన్నారాయన. "బీర, సార్" అన్నాను ధీమాగా. జనంలోంచి అవ్వ ముందుకొచ్చింది. "బీర కాదు బాబూ, ఆనప. మాయమ్మ ఇంటి ఇత్తు. కాయకి మెడ పొడుగొత్తాది, ఎండబెట్టి బుర్ర సేసి నీల్లు తెచ్చుకుంతాం. ఏటేటా నా గొయ్యి పైన సల్లి, మొలిసినాక తీసి నాటుతాను. ఈయేడు ఒక్కటీ మొలవనేదు, ఎలకలు తినీసినాయనుకున్నాను." ఆఫీసరు నా వైపు చూశారు. "మరి ఆవిడ విత్తనం మీ గొయ్యిలోకి ఎలా వచ్చింది?" ఈలన్న ఆకాశం కేసి చూస్తున్నాడు. నా ఉద్యోగం అంతటితో సరి అనుకున్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "గుంటకి గొయ్యి కుదరనేదు బాబూ. నానే అట్టుకెల్లమన్నాను" అంది. (అక్కడి మాటలో గుంటంటే ఆడపిల్ల.) ఆఫీసరు పగలబడి నవ్వి, ఇకనుంచి అవ్వ గొయ్యే నమూనా అన్నారు. నా ఉద్యోగం నిలిచింది. బోర్డు మాత్రం అవ్వ పెరటికి మారింది. నెత్తిన పెట్టుకుని మోసుకెళ్ళింది నేనే.

అక్కడ అవ్వ అసలు సంగతి ఎత్తింది. "ఏటే గుంటా, అడిగితే ఇయ్యనా? దొంగతనానికొచ్చినదానివి అడుగున మాగినది తియ్యాల గానీ, పైది తీత్తారేటి? ఆ సదువు కూడా నేదు నీకు. బేగెల్లి నా మొక్కలు ఏర్లు తెగకుండా తే. ఒక్కటి సచ్చినా ఊరందరికీ సెప్పేత్తాను." ఆ మొక్కలన్నీ నాటాను. కాయలు ముదిరేదాకా రోజూ తెల్లారగానే ఆమె గొయ్యికి పేడా ఆకులూ మోశాను. డిగ్రీలో రాని విద్య అక్కడ వచ్చింది.

ఇప్పుడు మా ఊళ్ళో, మా పెరట్లో నాకూ ఒక గొయ్యి ఉంది, పందిరి మీద అవ్వ ఇచ్చిన విత్తుతో ఆనపకాయలున్నాయి. పక్కింటావిడ వాటిని చూసి ముఖం ముడుచుకున్నప్పుడల్లా నాకెంత హాయిగా ఉంటుందో చెప్పలేను. మొన్న ఈలన్న ఫోన్లో ఒక ఫొటో పంపాడు. అవ్వ ఇంకాస్త వంగిపోయింది, గొయ్యి పక్కన నిలబడి నవ్వుతోంది. ఎలా ఉన్నావవ్వా అని అడగాల్సినదాన్ని, ముందుగా ఫొటో పెద్దది చేసి గొయ్యి మీద ఈగలున్నాయేమోనని వెతికాను. ఒక్కటీ లేదు. ఈ వయసులో ఇదేం బుద్ధే అని నవ్వుకుని, లేచి వెళ్ళి నా గొయ్యి మీద ఇంకో పొర ఎండాకులు వేసి వచ్చాను.