చెవిలో గుచ్చుకున్న ఆల్బమ్

ఫ్లాట్ బుష్‌లో మా పక్కింటాయన బ్లూస్ పాడతాడు. డెబ్బై దాటిన కివీ, అంటే న్యూజిలాండ్ వాడు. ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ, పదిహేనో ఏట పట్టుకున్న గిటారు మాత్రం ఇంకా వదల్లేదు. మేం ఈ ఇంట్లోకి వచ్చి నాలుగేళ్లు. శనివారం మధ్యాహ్నాలు ఆయన గరాజ్‌లోంచి పాట వినపడేది. ఎవరో తీరిగ్గా కూర్చుని తన కష్టం చెప్పుకుంటున్నట్టు ఉండేది.

పోయిన ఏడాది ఆ గరాజ్‌లో చప్పుడు మారింది. డ్రమ్స్ వచ్చాయి, బేస్ గిటారు వచ్చింది, ఇనప పీపా అడుగును సాగగొట్టి చేసే స్టీల్ పాన్ అనే కరేబియన్ వాయిద్యం వచ్చింది. కొన్ని నెలల తర్వాత ఒక శనివారం, లెటర్‌బాక్స్ దగ్గర కనిపించి నా చేతిలో సీడీ పెట్టాడు.

"ఈసారి బ్లూస్ ఒక్కటే కాదు. రెగే ఉంది, ఫంక్ ఉంది. ఈ వయసులో నాకు డాన్స్ మీదికి మనసు పోయింది. విని చెప్పు," అన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

మా పాత కారులో ఇంకా సీడీ ప్లేయర్ ఉంది. మర్నాడు దగ్గర్లోని పాపటోయిటోయి బజారుకి కూరగాయల కోసం బయల్దేరుతూ పెట్టాం. బేస్ మొదలవగానే మావారు స్టీరింగ్ మీద తాళం వేశారు.

"ముసలాయన ఇరగదీశాడే!"

అంతలో డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్లేలు, సింబల్స్, మోగాయి. వెనక సీట్లో మా తొమ్మిదేళ్ల పాప రెండు చెవులూ మూసుకుంది.

"మమ్మీ, టర్న్ ఇట్ డౌన్! ఇట్స్ హర్టింగ్!"

తగ్గించాను. అయినా ఆ సన్నటి మోత సూదిలా గుచ్చుతూనే ఉంది. స్టీల్ పాన్ మీద పడిన ప్రతి దెబ్బా గాజుగ్లాసు పగిలినట్టుంది.

"రికార్డింగ్ సరిగ్గా రాలేదేమో," అన్నారు మావారు.

నేను ఆడియాలజిస్ట్‌ని, వినికిడి పరీక్షలు చేయడం నా ఉద్యోగం. సన్నటి శబ్దాలు వినపడని మనిషి, రికార్డింగ్‌లో అవి తన చెవికి అందేదాకా పెంచమంటాడు. ఈ సీడీలో జరిగింది అదే.

"ఆయనకి వినపడటం లేదండీ," అన్నాను.

"నాలుగేళ్ల నుంచి మాట్లాడుతున్నాం కదే. బానే వింటాడుగా?"

"ఎదురుగా నిలబడి మాట్లాడతాం. మన పెదాలు చూస్తాడు."

ఆ మాట అంటుంటేనే ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. బెల్ కొడితే రాడు, కిటికీ దబదబా తడితే వస్తాడు. మా పాప వెనకనుంచి 'అంకుల్' అని ఎంత పిలిచినా తిరగడు. ఒకసారి వాళ్ల వంటింట్లో అవెన్ కీచుమని మొత్తుకుంటుంటే పక్కనే నిలబడి నాతో వాన గురించి మాట్లాడాడు. రోజంతా చెవులు పరీక్షించి ఇంటికొచ్చే నేను, దాన్ని పరధ్యానం అనుకున్నాను.

రెండ్రోజులు తటపటాయించి, ఆయన ఇంటి తలుపు తట్టి సంగతి చెప్పాను. ఆయన తలుపు పట్టుకునే నిలబడ్డాడు.

"బ్యాండ్‌లో నలుగురున్నారు. ఒక్కడూ అనలేదే?"

"నాకు తెలీదు. ఒక్కసారి మా క్లినిక్‌కి రండి."

"అది నా స్టైల్ అనుకోవచ్చుగా?"

నేను ఇంకోమాట అనేలోపే తలుపు వేసేశాడు. మూడు శనివారాలు గరాజ్ తెరుచుకోలేదు. "నీకెందుకొచ్చిన గొడవ!" అని మావారు విసుక్కున్నారు.

నాలుగోవారం ఆయనే క్లినిక్‌కి వచ్చాడు. బయటి చప్పుడు చొరని గాజు గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు వినగానే బటన్ నొక్కమన్నాను. లావు శబ్దాలకు టకటకా నొక్కాడు. సన్నటివి మొదలుపెట్టాను. పెంచాను. ఇంకా పెంచాను. ఆయన బటన్ మీద వేలుంచి, ఎప్పుడు మొదలుపెడతావు అన్నట్టు నాకేసి నవ్వుతూ కూర్చున్నాడు. అప్పటికే నేను చాలాసేపట్నుంచి మోగిస్తున్నాను. ఎన్నో ఏళ్లుగా ఈ పని చేస్తున్నదాన్ని, ఆ నవ్వు చూడలేక కంప్యూటర్ వెనక తల దాచుకున్నాను.

వినికిడి యంత్రాలు వచ్చాక పెట్టాను. చెయ్యి కదిపి ఉలిక్కిపడ్డాడు.

"ఏంటా చప్పుడు?"

"మీ జాకెట్టే."

కాసేపు ఆ చెయ్యి ఊపుకుంటూ కూర్చుని, సీడీ పెట్టమన్నాడు. ఇవాళ వద్దన్నాను, యంత్రం కొత్తలో అన్నీ మోతగానే ఉంటాయన్నాను. వినలేదు. పెట్టాను. అర నిమిషం కూడా కాలేదు.

"ఆపు. ఆపు!"

"ఇదా నేను ఊరంతా పంచింది?" అన్నాడు. అక్కడికక్కడే డ్రమ్మర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ల స్నేహం.

"నా చెవుల సంగతి నీకు తెలుసా?"

"తెలుసు. మా అందరికీ తెలుసు. నువ్వంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పమంటావు?"

ఫోన్ పెట్టేసి నావైపు తిరిగాడు. "నీకెప్పటినుంచి తెలుసు?"

"సీడీ విన్నప్పటినుంచి."

"అంతకుముందు నాలుగేళ్లు?"

చెవులు చూడటమే నా ఉద్యోగం. తల వంచుకుని ప్లేయర్‌లోంచి సీడీ బయటికి తీశాను. ఆయన రెట్టించలేదు, జాకెట్ గరగరలాడకుండా మెల్లగా లేచి వెళ్లిపోయాడు.

తర్వాత రెండు నెలలు పట్టింది. స్టూడియోలో ఒక కుర్ర ఇంజనీర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని పాటలన్నిటినీ సరిచేయించాడు. డ్రమ్మర్‌తో చాలా రోజులు మాట్లాడలేదు, తర్వాత కలిశారు. ఎలా కలిశారో నేను అడగలేదు. కొత్త సీడీలో బేస్, స్టీల్ పాన్ ఒకదాన్నొకటి తోసుకోకుండా హాయిగా నడిచాయి. దాన్ని కమ్యూనిటీ హాల్లో విడుదల చేస్తూ మమ్మల్నీ పిలిచాడు.

భుజాల దాకా ఉండే జుట్టు పొట్టిగా కత్తిరించుకుని స్టేజి ఎక్కాడు. చెవుల వెనక యంత్రాలు హాలంతటికీ కనపడుతున్నాయి. మావారు నా వైపు వంగి ఏదో అన్నారు, నేను వినలేదు. ఆయన్నే చూస్తున్నాను.